నేనే పెట్టిన, మేడం

ఆయన పోయిన సంగతి నాకు జిరాక్స్ సెంటర్లో తెలిసింది. దమ్మపేట బస్టాండు ఎదురుగా ఉంటుందా సెంటర్. మా బడి పిల్లల ఆధార్ కార్డులు కట్టగట్టుకుని వెళ్లాను. మిషన్లో కాగితం ఇరుక్కుంటే అక్కడి అమ్మాయి మూత తీసి లోపల వెతుకుతూ, "ఆ సారుంటే చప్పుడు విని చెప్తుండె అక్కా, యాడ ఇరికిందో. పోయిన వారం పోయిండు పాపం" అంది.

"ఏ సారు?" అన్నాను.

అలా అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఏ సారో నాకు తెలుసు. మా వైపు కంప్యూటర్ చప్పుడు వినే మనిషి ఇంకొకరు లేరు. అయినా తెలియనట్టు అడిగాను. ఆయన విషయంలో తెలియనట్టు ఉండడం నాకు అప్పటికే అలవాటైపోయింది.

నేను దమ్మపేట నుంచి పామాయిల్ తోటలు దాటి లోపలికి వెళ్తే, అడవి మొదలయ్యే చోట ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో కంప్యూటర్ ఆపరేటర్ని. ఔట్‌సోర్సింగ్. అంటే ఏటా వేసవిలో మళ్లీ ఉంచుతారో పంపుతారో అని ఎదురుచూసే ఉద్యోగం. ఆయన దమ్మపేటలో చిన్న రిపేరు షాపు పెట్టుకున్న పెద్దమనిషి. చుట్టుపక్కల ఊళ్లలో బళ్లు, అంగన్‌వాడీలు, సర్వీస్ సెంటర్లు, పాల కేంద్రాలు, ఎక్కడ కంప్యూటర్ మొరాయించినా ఆయనకే ఫోను.

వచ్చీ రాగానే స్విచ్ వేసేవాడు కాదు. చెప్పులు గుమ్మం బయట విడిచి, సీపీయూ పక్కన గొంతుక్కూర్చుని, వేలి కణుపుతో దాని రేకు మీద రెండు మూడు చోట్ల తట్టి చెవి ఆనించేవాడు. మొదటిసారి చూసినప్పుడు మా వంటమ్మ, "కొత్త కుండ కొంటున్నడా ఏంది ఈయన" అంది. నాకు నవ్వాగక బయటికి పోయాను. తర్వాత ఆయనే చెప్పాడు. ఇల్లందు గనుల్లో పనిచేశాడట. షిఫ్టు దిగగానే ముందు కర్రతో పైకప్పు తట్టి చూసేవాళ్లట. చప్పుడు గట్టిగా వస్తే పర్వాలేదు, బోలుగా వస్తే ఎవరినీ ఆ కిందికి పోనియ్యరు. మోకాలికి దెబ్బ తగిలాక గని ఆఫీసులో కూర్చోబెడితే అక్కడ కంప్యూటర్ నేర్చుకున్నాడు. రిటైరయ్యాక భార్య ఊరని దమ్మపేట వచ్చాడు. ఫ్యాన్‌లో దుమ్ము తప్ప ఆ రేకు తడితే ఏం తెలుస్తుందని నా అనుమానం. ఆ మాటే అన్నాను ఒకసారి. "ఏం తెల్వది బిడ్డా. కానీ తట్టకుంటే నాకు చెయ్యి పోదు" అన్నాడు.

సాఫ్ట్‌వేర్లను మనుషుల్లాగే పిలిచేవాడు. విండోస్ పెద్దాయన. ప్రింటర్ డ్రైవర్ అలిగెటాయన. తెర మీద ఆకుపచ్చ గీత నెమ్మదిగా నిండుతుంటే "రా నాయనా, రా, ఇంకింత రా" అని బతిమాలేవాడు. పని అయ్యేదాకా టీ ముట్టడు, అయ్యాక అది చల్లారిపోయి ఉంటుంది, ఆ చల్లారిన టీనే తాగి బాగుందనేవాడు.

ఇక ఆయన మాట ఒకటుంది: "ఎక్కడిది?" పిల్లలెవరైనా పెన్‌డ్రైవ్ తెస్తే "ఎక్కడిది?" నేను పాటల సీడీ పెట్టబోతే "ఎక్కడిది?" వంటమ్మ అడవి నుంచి వచ్చిన తేనె ఇస్తే కూడా సీసా ఎత్తి చూసి "ఎక్కడిది?" అన్నాడు. ఆమె ఒళ్లు మండి, "తేనెటీగలది" అంది. ఆయన నవ్వలేదు. ఏ చెట్టుదో, ఎవరు తెచ్చారో చెప్పించుకునే తీసుకున్నాడు.

మా వైపు ఇంటర్నెట్ ఉన్నా లేనట్టే. పెద్ద ఫైలు దించాలంటే సగంలో తెగిపోతుంది. అందుకని ఆయన ఏది కావాలన్నా దమ్మపేటలో కూర్చుని, దాన్ని తయారుచేసిన కంపెనీ అసలు సైటు నుంచే దించుకుని, ఫైలు అసలుదేనని కంపెనీ వేసే డిజిటల్ సంతకం సరిపోయిందో లేదో చూసుకుని, పెన్‌డ్రైవ్‌లో ఊరూరికీ మోసుకొచ్చేవాడు. ఆ పెన్‌డ్రైవ్‌కు ఒక వక్కపొడి డబ్బా. "ఇది తప్ప ఇంకోటి పెట్టనియ్యకు. కొత్తది వచ్చింది, పెట్టుకుంటవా అని తెర మీద డబ్బా పడితే వద్దను. నాకు ఫోన్ జెయ్యి" అని నాకు చెప్పింది వందసార్లు కాకపోయినా యాభైసార్లు ఉంటుంది.

ఆయన చూసే ప్రతి మిషన్‌కూ ఒక నంబరు. మాది పదహారు. షాపులో చెక్కకు మేకులు కొట్టి నంబరు బిళ్ళలు వేలాడదీసేవాడు. ఏదైనా మిషన్ పాడైందంటే దాని బిళ్ళ తీసి జేబులో వేసుకుని బయల్దేరేవాడు, బాగయ్యాకే మళ్లీ మేకుకు తగిలించేవాడు. గనిలో అంతేనట. ఎంతమంది దిగారో అన్ని బిళ్ళలు తిరిగి రావాలి. ఒక్కటి రాకపోయినా పైనున్నవాళ్లు ఇంటికి పోరు.

ఇక అసలు సంగతి. పిల్లల దరఖాస్తులన్నీ ఇప్పుడు ఆన్‌లైన్లోనే కదా. ఫోటో ఇంతకు మించకూడదు, కులం సర్టిఫికెట్ అంతకు మించకూడదు అని ప్రతి సైటుకూ ఒక హద్దు. మా స్కానర్ ఏ కాగితాన్నైనా ఆ హద్దుకు పదింతలు చేసి ఇస్తుంది. ఆ ఫైళ్లను చిన్నవి చేయడానికి ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉండేది. ఏదో విదేశీ కంపెనీది. ఆయన దాన్ని "చిన్నజేసెటాయన" అనేవాడు. ఆయనకు దాని మీద ఉన్న గౌరవం చూస్తే నాకు ముచ్చటేసేది. "ఈయనొక్కడే బిడ్డా. పైసా అడుగడు, మధ్యల బొమ్మలు జూపియ్యడు, అబద్ధమాడడు. ఈయన్ని కండ్లు మూసుకుని నమ్ము." తను చూసే మిషన్లన్నిట్లో అదే పెట్టాడు.

గురుకులం ప్రవేశ పరీక్షకు దరఖాస్తుల చివరి రోజు. మా పిల్లలవి పదకొండు మిగిలాయి. సర్టిఫికెట్ ఎక్కించబోతే సైటు తీసుకోవట్లేదు. చిన్నజేసెటాయన ఎంత చేసినా చిన్నగా కావట్లేదు. పైగా తెర మీద డబ్బా: కొత్త వెర్షన్ వచ్చింది, పెట్టుకుంటారా? ఆయనకు ఫోన్ చేశాను. అడవిలో ఏ ఊళ్లో ఉన్నాడో, కలవలేదు. నాలుగుసార్లు చేశాను. పిల్లలు కిటికీ దగ్గర నిలబడి కోయలో గుసగుసలాడుకుంటున్నారు. వాళ్ల మొహాలు చూసి, పెట్టుకుంటాను అని నొక్కాను. ఆ రోజు నెట్ తెగలేదు, కాసేపటికి పెట్టుకుంది. పదకొండు దరఖాస్తులూ వెళ్లాయి. పిల్లలు ఎగిరారు. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన విషయం అనిపించలేదు.

నెల తిరగకుండా ఒక మిట్ట మధ్యాహ్నం ఆయన వచ్చాడు. పిలవకుండా రావడం అదే మొదటిసారి. చెప్పులు విడవడం కూడా మర్చిపోయాడు.

"బిడ్డా, మిషన్ బంద్ జెయ్యి. నెట్ తీగ గుంజెయ్యి ముందు."

"ఏమైంది సార్?"

"చిన్నజేసెటాయన లోపల ఇంకొకడున్నడు."

నాకు అర్థం కాలేదు. ఆయనే తీగ లాగేసి కూర్చున్నాడు, మెల్లగా చెప్పాడు. పొద్దున్నే ఆ కంపెనీ సైటు తెరిచి పేపరు చదివినట్టు చదవడం ఆయనకు అలవాటు. ఆ రోజు అందులో కంపెనీవాళ్లే రాశారట. ఎవరో దొంగలు వాళ్ల లోపలికే చొరబడి, కొత్త వెర్షన్లో తమ సరుకు కలిపారు. కంపెనీకి తెలియలేదు. తన సంతకం పెట్టి, తన సైటులోనే పెట్టి, అందరికీ పంచింది. మిషన్లో ఏముందో, ఏం పాస్‌వర్డులు కొడుతున్నామో అది చూసి బయటికి పంపగలదు.

"కొన్ని ఊళ్లల్ల కొత్తది నేను గూడ పెట్టిన. అసలు సైటు నుంచే తెచ్చిన బిడ్డా. సంతకం జూసిన. రెండుసార్లు జూసిన" అన్నాడు. ఆ మాట నాతో కాదు, తనతో తాను అన్నట్టే ఉంది.

ఇంతలో మా హెడ్మాస్టరు మేడం వచ్చింది. మధిర వైపు మనిషి. మాట మెత్తన, మనసు అంత మెత్తన కాదు. సంగతంతా విని, "అంటే ఏంటండీ ఇప్పుడు?" అంది.

"మొత్తం తుడిచేసి మళ్ల కొత్తగా ఎక్కియ్యాలె మేడం. పాస్‌వర్డులన్నీ మార్చాలె. ఒక దినం పడతది."

"రేపు పై ఆఫీసుకు రిపోర్టు పంపాలండీ. ఒక రోజు ఆపమంటే ఎలా? అయినా మా పిల్లల దగ్గర దొంగిలించడానికి ఏముందండీ, ఎక్కడో దేశం కానోడికి?"

"పేరుంది, ఫోటో ఉంది, అయ్య పేరు, ఆధార్ ఉంది మేడం. వాళ్లకు ఉన్నదే గది గద."

మేడం లాగేసిన తీగ వైపు చూసింది. తర్వాత అడిగింది. "ఎవరి పెన్‌డ్రైవూ పెట్టనివ్వంది మీరే కదా. మరి ఇది ఇందులోకి ఎలా వచ్చింది? ఎవరు పెట్టారు?"

ఆయన అప్పటికే చూసేశాడు. ఏ సాఫ్ట్‌వేర్ ఏ రోజు పెట్టారో మిషన్లో తారీఖుతో సహా ఉంటుంది. ఆ తారీఖున ఆయన మా బడికి రాలేదు. ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. ఒక్క క్షణం. వేసవి దగ్గర్లో ఉంది. నా పేరు మళ్లీ పంపాలా వద్దా అని రాసేది ఆ మేడమే.

"నేనే పెట్టిన, మేడం" అన్నాడు.

నేను నోరు తెరవలేదు. మేడం ఆయన్ని పెద్దగా తిట్టలేదు. "మిమ్మల్ని నమ్మాం కదండీ" అంది, ఆయనకు అంతకంటే పెద్ద తిట్టు లేదు. సాయంత్రం దాకా కూర్చుని అంతా తుడిచి, మళ్లీ ఎక్కించి, పాస్‌వర్డులు మేడం చేతే మార్పించాడు. లేస్తుంటే మేడం, "ఇకమీద మేం ఇంకెవరినన్నా చూసుకుంటాం లెండి" అని చెప్పి లోపలికి వెళ్లింది. టీ అలాగే ఉండిపోయింది.

గేటు దాకా వెంట వెళ్లాను. "సార్, ఆ రోజు నేను..."

"తెలుసు బిడ్డా. తారీఖు జూసిన గద."

"మరి మేడంతో అట్లా ఎందుకు చెప్పిండ్రు?"

"నీది ఔట్‌సోర్సింగ్ నౌకరి. నన్నెవడు తీసేస్తడు?" బండి స్టాండు తీశాడు. "నువ్వు నొక్కుడు తప్పు గాదు. ఆయన్ని నమ్మమన్నది నేను. నేను పెట్టినా, నువ్వు నొక్కినా ఒకటే లెక్క."

ఒకటే లెక్క కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ క్షణంలో నాకు ఏడుపు రాలేదు, సిగ్గు రాలేదు. హాయిగా అనిపించింది. వెనక్కి వచ్చి పిల్లల హాజరు ఎక్కించుకున్నాను.

ఆ తర్వాత ఆయన పది రోజుల పాటు తిరిగాడు. బిళ్ళలన్నీ మేకుల మీద నుంచి తీసి సంచిలో వేసుకుని, ఒక్కో ఊరూ, ఒక్కో మిషనూ. ఫోన్లో చెప్తే సరిపోయేది కదా అన్నవాళ్లున్నారు. ఆయన వినలేదు. ప్రతిచోటా అదే ప్రశ్న ఎదురైందట, మా దగ్గర ఏముందని దొంగిలిస్తారని. ప్రతిచోటా అదే రెండో ప్రశ్న, ఎవరు పెట్టారని. దానికీ ఆయన దగ్గర ఒకటే జవాబు.

ఏమీ జరగలేదు. అంటే మా కంటికి కనపడేలా ఏమీ జరగలేదు. ఎవరి డబ్బులూ పోలేదు, ఏ మిషనూ కాలిపోలేదు. జరగకపోవడం ఆయన తుడవడం వల్లేమో అని ఒక్కరూ అనుకోలేదు. పోనీ మర్చిపోయారా అంటే అదీ లేదు. ఒక ఊళ్లో ప్రింటర్ ఆగితే ఆయన పెట్టిన పురుగే అన్నారు. ఇంకో ఊళ్లో ఫోన్ పోతే దానికీ ఆయనే. పాల కేంద్రంలో తూకం మిషన్ తప్పు చూపిస్తే, అది కంప్యూటరే కాదు, అయినా ఆయనే. సత్తుపల్లి రోడ్డులో ఇంకో రిపేరు అతను ఉన్నాడు. అతనూ తన గిరాకీల మిషన్లలో అదే సాఫ్ట్‌వేర్ పెట్టాడు. కిక్కురుమనలేదు. ఇప్పుడు మా బడి మిషన్ అతనే చూస్తున్నాడు. అతని ఫోన్ నంబరు రాసిన కాగితం మేడం చేతికి ఇచ్చింది నేనే.

తర్వాత ఆయన్ని నేను దగ్గరగా చూసింది ఒక్కసారి. ఖమ్మం బస్సులో. నేను తల్లాడలో చెల్లెలింటికి పోతున్నాను. ఆయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు, చేతిలో దవాఖానా కాగితాల సంచి. చాలా సన్నబడ్డాడు. నేను చూడనట్టు వెనక సీటుకు పోబోయాను. ఆయనే పిలిచాడు.

"పదారో నంబర్ మంచిగుందా బిడ్డా?"

"బాగుంది సార్." వెళ్లి పక్కన కూర్చోక తప్పలేదు.

"ఫ్యాన్ తుడుస్తున్నరా?"

"అవ్ సార్." అబద్ధం. సత్తుపల్లి అతను మూత కూడా తీయడు.

సంచి చూపించి ఏంటని అడిగాను. ఊపిరితిత్తులన్నాడు, గనిలో ఒంట్లోకి పోయిన దుమ్ము ఇప్పుడు లెక్క అడుగుతోందన్నాడు. మళ్లీ ఆయనే, "షాపు తీస్త రోజు. ఎవ్వరు రారు. ఊరికే కూసుంటే ఒళ్లు నొప్పి. పనిజేస్తే గింత అలుపుండేది గాదు" అన్నాడు. ఆ గొంతులో కోపం ఉంటే నాకు బాగుండేది. లేదు. ఎండలో నడిచొచ్చి అరుగు మీద కూలబడ్డ మనిషి గొంతు అది.

ఏదో ఒకటి అనాలి కదా అని, ఆ చిన్నజేసెటాయన ఏమయ్యాడు సార్ అన్నాను. ఆయన మొహం కొంచెం వెలిగింది.

"ఉన్నడు. కడిగి బాగుచేసి కొత్తది ఇడిసిండ్రు. నా మిషన్ల మళ్ల ఆయన్నే పెట్టుకున్న."

"మళ్లీనా?"

"ఒప్పుకున్నరు గద బిడ్డా. దాచిపెట్టలే. మా దాంట్ల గిట్లయింది, తీసెయ్యుండ్రి అని వాళ్లే రాసిండ్రు. ఒప్పుకున్నోన్ని నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముదం?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. చెప్పేయాలని ఉంది. తిరిగి దమ్మపేట పోయాక మేడం దగ్గరికి వెళ్దాం సార్, నేను నిజం చెప్తాను అని. ఆ వాక్యం నోట్లో తయారుగా ఉంది. కానీ అప్పుడు కూడా వేసవే. ఔట్‌సోర్సింగ్ వాళ్లకు ఏడాదిలో సగం వేసవే. తల్లాడ వచ్చింది. "వస్తా సార్" అని దిగిపోయాను.

జిరాక్స్ అమ్మాయి చెప్పిన మర్నాడు ఆయన ఇంటికి వెళ్లాను. షాపు వెనకే ఇల్లు. ఆయన భార్య వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నేనెవరో చెప్పాను. పీట చూపించింది. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, దారి పొడుగునా కూడగట్టుకున్నదంతా ఒక్క ఊపులో చెప్పేశాను. ఆ రోజు నొక్కింది నేను, ఆయన కాదు. తప్పు నా మీద పడకుండా ఆయన తన మీద వేసుకున్నాడు. నేను నోరు మూసుకున్నాను. చెప్తూ ఏడ్చాను కూడా.

ఆమె చెయ్యి ఆపలేదు. "నువ్వు నాలుగో మనిషివి బిడ్డా" అంది.

"ఏందమ్మా?"

"ఆయన పోయినంక వచ్చిండ్రు. ఒగామె అంగన్‌వాడీ. ఒగాయన పాల కేంద్రం. ఇంకొగాయన సర్వీస్ సెంటర్ పెట్టుకున్నడు. అందరిదీ గిదే మాట. నేనే నొక్కిన అమ్మా, ఆయన మీదేసుకున్నడు. గిక్కడనే కూసుండి ఏడ్చిండ్రు."

నా ఒక్కదానిదే అనుకున్న తప్పును నాకంటే ముందే ముగ్గురు ఆ పీట మీద దించి వెళ్లారు. ఇంకా రానివాళ్లు ఎంతమందో.

"అన్ని మిషన్లు ఆయనే ఖరాబు జేసిండని ఊరూర అన్నరు. నేను గూడ అన్న, గింత నౌకరి జేసినోనివి గింత తెల్వదా అని. ఒక్కనాడు గూడ వాళ్లు నొక్కిండ్రు అని నాకు చెప్పలే. ఆఖర్ల ఆయనకు గూడ తెల్వలే ఏది తను పెట్టిండో, ఏది మీరు పెట్టిండ్రో. దవాఖానల సిస్టరమ్మ సూది పెట్టి, నొప్పైతుందా తాతా అని అడుగుతే, నేనే పెట్టిన, మేడం అన్నడు. రెండు దినాలు గదే మాట."

గింజ తీసిన పండు ఒక కుప్ప, గింజలు ఒక కుప్ప. ఆమె రెండూ సరిచేసింది.

"మీ మేడంకు చెప్పినవా బిడ్డా?"

"లేదమ్మా."

"నాకెందుకు మరి చెప్తవు? నేనేమన్న తీసేసిన్నా ఆయన్ని? గామెకు చెప్పు పో."

కటువుగా అనలేదు. నీళ్లు తాగి వెళ్లమంది. తాగి వచ్చాను.

మేడం ఇప్పుడు బదిలీ మీద ఖమ్మంలో ఉంది. నా ఉద్యోగం ఉంచేదీ తీసేదీ ఆమె చేతిలో లేదు. నంబరు నా ఫోన్లోనే ఉంది, పండగలకు మెసేజీలు కూడా పెడుతుంటాను. ఇది రాయడం మొదలుపెట్టి తొమ్మిది రోజులైంది. ఇంకా ఫోన్ చేయలేదు.